ఫెరారీకి ఎదురు నిలిచిన రొట్టెల బండి

ముందు నుంచి చూస్తే అది పందెపు కారు. వెనక నుంచి చూస్తే తెల్లవారుజామున వీధుల్లో రొట్టెలు పంచే వ్యాను. లోకం మొత్తం మీద అలాంటి బండి ఒక్కటే ఉంది. 1962లో ఇటలీ దేశంలోని మోడెనా పట్టణంలో అది తయారైంది. కొత్త కారు నీకు అమ్మేది లేదని తలుపు మూసేసిన ఓ పెద్ద యజమానికి, ఆయన దగ్గరే పనిచేసి ఉద్యోగం పోగొట్టుకున్న ఇంజనీరు చెప్పిన జవాబు అది.

ఎక్కడో ఇటలీలో కారు సంగతి మనకెందుకు అనుకోనక్కర లేదు. యజమానికీ పనివాళ్లకూ మధ్య తగవు ఏ దేశంలోనైనా ఒక్కలాగే ఉంటుంది. ఉద్యోగం పోయినవాడి వెంట పనితనం కూడా పోతుందా, లేక వాడితోనే నడిచి వస్తుందా అన్నది ప్రతి ఊరికీ సంబంధించిన ప్రశ్నే. ఆ ప్రశ్నకు ఈ బండి కథలో కొంత సమాధానం దొరుకుతుంది.

నాడాలు కొట్టిన చెయ్యి

ఫెరారీ కార్ల పేరు వినని కుర్రకారు ఈ రోజుల్లో అరుదు. ఆ కంపెనీ పెట్టిన ఎంజో ఫెరారీ 1898లో మోడెనాలో పుట్టాడు. తండ్రికి ఇనుప సామాను తయారుచేసే చిన్న వర్క్‌షాపు ఉండేది. మొదటి ప్రపంచయుద్ధంలో ఎంజోను సైన్యంలోకి తీసుకున్నారు. అక్కడ ఆయనకు అప్పగించిన పని కంచరగాడిదల కాళ్లకు నాడాలు కొట్టడం. యుద్ధం అయ్యాక కార్ల పందేల్లో డ్రైవరుగా చేరాడు. తర్వాత పందెపు జట్టు నడిపాడు. 1947లో తన పేరు పెట్టుకుని మొదటి కారు బయటికి తెచ్చాడు. మోడెనాకు దగ్గర్లో ఉన్న మరనెల్లో అనే చిన్న ఊళ్లో ఆయన ఫ్యాక్టరీ పెట్టాడు. ఆ ఊరు నేటికీ ఫెరారీ పేరుతోనే బతుకుతోంది.

ఎంజో పనిమంతుడు. మాట కరుకు. పందెంలో గెలవడం కోసం కార్లు చేసేవాడే గాని, అమ్ముకోవడం కోసం పందేలు ఆడేవాడు కాదు. డబ్బున్నవాళ్లకు కార్లు అమ్మి ఆ సొమ్ము పందేలకు ఖర్చు పెట్టేవాడు. తన కారు ఎవరికి అమ్మాలో, ఎవరికి అమ్మకూడదో తానే తేల్చేవాడు. డబ్బు చేత పట్టుకుని గుమ్మంలో నిలబడినా ఆయనకు నచ్చకపోతే అంతే సంగతులు.

1956లో ఆయన కొడుకు డీనో జబ్బుపడి చిన్న వయసులోనే చనిపోయాడు. ఆ తర్వాత ఆయన భార్య లారా ఫ్యాక్టరీ వ్యవహారాల్లోకి రావడం ఎక్కువైంది. పెద్ద పెద్ద ఉద్యోగులకు అది మింగుడు పడలేదు.

గేటు బయటికి పెద్దలు

1961 శరదృతువులో గొడవ ముదిరింది. ఫెరారీ కార్ల అమ్మకాలు చూసే గార్దీనికి, లారాకు మధ్య మాటామాటా పెరిగింది. ఆమె జోక్యం ఆపకపోతే పని చెయ్యలేమని మరికొందరు పెద్ద ఉద్యోగులు ఆయన పక్షాన నిలిచారు. వాళ్లలో ఇంజనీర్ల పెద్ద కార్లో కీతి ఉన్నాడు. పందెపు జట్టు మేనేజరు తవోని ఉన్నాడు. కార్లను నడిపి చూసి తప్పులు దిద్దే ఇంజనీరు జొట్టో బిజ్జరీని ఉన్నాడు.

ఇంతమంది ఒక్కటిగా నిలబడితే యజమాని దిగివస్తాడని వాళ్లు అనుకుని ఉండవచ్చు. ఎంజో దిగి రాలేదు. అందరినీ ఇంటికి పంపేశాడు. అప్పటికి ఆ సంవత్సరపు ఫార్ములా వన్ ఛాంపియన్‌షిప్ ఫెరారీదే. గెలిపించిన మనుషులనే గెలిచిన ఏడాదే గేటు బయట నిలబెట్టాడు. ఇటలీ పందేల చరిత్రలో దీన్ని రాజప్రాసాదపు తిరుగుబాటు అని చెప్పుకుంటారు.

వెళ్లిపోయినవాళ్ల పనంతా 26 ఏళ్ల మౌరో ఫర్గియేరీ అనే కుర్ర ఇంజనీరు నెత్తిన పడింది. అంత బరువు ఆ వయసువాడు మోస్తాడా అని అనుమానపడ్డవాళ్లున్నారు. అతడు మోశాడు. ఆ తర్వాత పాతికేళ్లకు పైగా ఫెరారీలోనే ఉండి ఎన్నో విజయాలు తెచ్చిపెట్టాడు. ఈ కథలో ఒకవైపే మంచి, ఒకవైపే చెడు అని చెప్పడానికి లేదన్నది ఇక్కడే గమనించాలి.

సగంలో ఆగిన పని

ఉద్యోగం పోయేనాటికి బిజ్జరీని చేతిలో ఒక ముఖ్యమైన పని ఉంది. ఫెరారీ 1959 నుంచి 250 జీటీ అనే కారు పొట్టి రకాన్ని అమ్ముతోంది. పందేల్లో దాన్ని మించే కార్లు బయలుదేరేలోగా కొత్త రకం సిద్ధం చెయ్యాలి. ఆ కొత్త రకమే 250 జీటీవో. దాని మొదటి నమూనాను తయారుచేసి, నడిపి చూసింది బిజ్జరీనియే. సగంలో అతన్ని పంపేస్తే మిగతా పని ఫర్గియేరీ పూర్తి చేశాడు. పై రేకుపని స్కాలియెత్తి అనే పేరున్న బాడీ బిల్డరు చేశాడు.

1962 ఫిబ్రవరిలో జీటీవోను లోకానికి చూపించారు. 1964 వరకు మొత్తం 36 మాత్రమే తయారు చేశారు. తర్వాతి కాలంలో ఈ కార్ల ధరలు ఆకాశాన్ని అంటాయి. 2018లో అమెరికాలో జరిగిన వేలంలో ఒక జీటీవో 4.84 కోట్ల డాలర్లు పలికింది. అప్పటి మారకం రేటున మన డబ్బులో 330 కోట్ల రూపాయలకు పైమాటే.

1962లో ఈ కారు కోసం ఎదురుచూసినవాళ్లలో వెనిస్ నగరపు యువకుడు ఒకడున్నాడు.

వెనిస్ జమీందారు

అతని పేరు జొవాన్ని వోల్పి. అప్పటికి 24 ఏళ్లు కూడా నిండలేదు. మన లెక్కలో చెప్పాలంటే జమీందారీ కుటుంబం. తండ్రి జుసెప్పె వోల్పి ఒకప్పుడు ఇటలీ ఆర్థికమంత్రి. 1932లో మొదలైన వెనిస్ సినిమా ఉత్సవానికి మూలపురుషుడు కూడా ఆయనే. 1947లో తండ్రి పోయాక ఆస్తి కొడుకు చేతికి వచ్చింది. కొడుక్కి కార్ల పందేల పిచ్చి. సెరెనిసిమా అనే పేరుతో సొంత జట్టు పెట్టాడు. పూర్వకాలపు వెనిస్ రాజ్యానికి ఉన్న బిరుదు అది.

డబ్బుంది కదా అని సరదాకు ఆడినవాడు కాడు. 1962 మార్చిలో అమెరికాలోని సీబ్రింగ్‌లో జరిగిన 12 గంటల పందెంలో అతని జట్టు ఫెరారీ కారుతోనే మొదటి బహుమతి కొట్టింది. అలాంటి జట్టుకు కొత్త జీటీవోలు దొరకడం న్యాయం.

కాని అతను మరో పని కూడా చేశాడు. ఫెరారీ గేటు బయట నిలబడ్డ ఇంజనీర్లు సొంతంగా కార్ల కంపెనీ పెట్టుకుంటామంటే పెట్టుబడి పెట్టిన ముగ్గురిలో అతనొకడు. ఆ కంపెనీ పేరు ఏటీఎస్. తాను వెళ్లగొట్టినవాళ్లను చేరదీసిన మనిషికి ఎంజో తన కొత్త కారు ఎందుకిస్తాడు? వోల్పికి జీటీవోలు అమ్మేది లేదని చెప్పేశాడు.

జూన్‌లో ఫ్రాన్సు దేశంలో లెమాన్స్ పందెం ఉంది. ప్రపంచంలోకెల్లా పేరున్న కార్ల పందెం అది. మిగతా జట్లన్నీ జీటీవోలతో వస్తాయి. వోల్పి ఇంట్లో ఉన్నది పాత రకం పొట్టి ఫెరారీ.

పాత బండికి కొత్త ప్రాణం

ఆ పాత కారు ఛాసీ నంబరు 2819. అదీ తక్కువది కాదు. 1961లో ఫ్రాన్సు దేశాన్ని చుట్టివచ్చే టూర్ ద ఫ్రాన్స్ కార్ల పందెంలో బెల్జియం డ్రైవర్లు ఒలివియే జాందబియాఁ, లూసియాఁ బియాంకి దాన్ని నడిపి రెండో స్థానం తెచ్చారు. తర్వాత వోల్పి దాన్ని కొన్నాడు.

కొత్త కారు ఇవ్వకపోతే, ఉన్న కారునే కొత్తదానికన్నా మెరుగ్గా చెయ్యాలి. ఆ పని బిజ్జరీనికి అప్పగించాడు. ఇందులో గమ్మత్తు ఏమిటంటే, జీటీవోలో ఏముందో బిజ్జరీనికి ఎవరూ చెప్పనక్కర లేదు. మొదలుపెట్టింది తనే కదా. తనను పూర్తి చెయ్యనివ్వని ఆలోచనలన్నీ ఈ పాత బండి మీద పెట్టే అవకాశం అతనికి దొరికింది.

బిజ్జరీని 1926లో లివోర్నో ప్రాంతంలో పుట్టాడు. పీసా విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు చదివాడు. చదువుకునే రోజుల్లోనే ఒక చిన్న ఫియట్ కారును విప్పి తనకు నచ్చినట్టు మార్చుకున్నాడు. కాగితం మీద గీతలు గీసి ఊరుకునే రకం కాదు. తాను మార్చిన బండిని తానే నడిపి, ఎక్కడ తేడా చేస్తోందో కనిపెట్టేవాడు.

ఈ కారులో ఉన్నది మూడు లీటర్ల ఇంజను. సరిగ్గా చెప్పాలంటే 2,953 సీసీ. 12 సిలిండర్లు. శక్తి సుమారు 300 గుర్రాలు. మన పొలాల్లో దుక్కి దున్నే మామూలు ట్రాక్టరు 35 నుంచి 45 గుర్రాల శక్తిది. అలాంటివి ఏడెనిమిది కలిపి ఒక చిన్న కారులో పెట్టినట్టన్న మాట.

బిజ్జరీని మొదట ఇంజను ఉన్న చోటు మార్చాడు. దాన్ని వెనక్కి జరిపి డ్రైవరుకు దగ్గరగా తెచ్చాడు. బండి ముక్కు మీద బరువు ఎక్కువైతే మలుపులో బండి మాట వినదు. ఎద్దుల బండిలో బరువు ముందుకు పడితే కాడి మెడల మీద మోపు ఎక్కువై ఎద్దులు ఇబ్బంది పడతాయి. బరువు ఇరుసు చుట్టూ సర్దితే బండి తేలిగ్గా నడుస్తుంది. కారులోనూ సూత్రం అదే.

రెండోది, ఇంజనును కిందికి దించడం. మామూలు ఇంజను అడుగున ఆయిలు నిలవ ఉండే తొట్టి ఉంటుంది. ఆ తొట్టి లోతు వల్ల ఇంజను అంత ఎత్తున కూచుంటుంది. ఆయిలును వేరే ట్యాంకులో పోసి, పంపుతో ఇంజనుకు అందించి, తిరిగి ట్యాంకుకు తోడితే అడుగున లోతైన తొట్టి అక్కర లేదు. అప్పుడు ఇంజను నేలకు దగ్గరగా దిగుతుంది. మలుపులో ఆయిలు ఒక పక్కకు ఒరిగిపోయి ఇంజను ఎండిపోతుందన్న భయమూ ఉండదు. ఇంజను దిగితే దాని మీది బానెట్టూ దిగుతుంది. ఈ బండి బానెట్టు జీటీవో బానెట్టుకన్నా కిందికి ఉండేది.

పెట్రోలు, గాలి కలిపి ఇచ్చే వెబర్ కార్బొరేటర్లు ఆరు బిగించాడు. అవి బానెట్టు దిగినంతగా దిగలేదు. పైకి పొడుచుకు వచ్చాయి. అందుకని బానెట్టుకు కన్నం చేసి, వాటి మీద పారదర్శకమైన ప్లాస్టిక్ మూత పెట్టారు. నడుస్తున్న బండి గుండెను బయటి నుంచే చూడవచ్చు.

ఒక్క లోటు మిగిలింది. జీటీవోకు అయిదు గేర్లు. ఈ బండికి నాలుగే.

పై రేకుపని మోడెనాలోనే ఉన్న పియెరో ద్రోగో వర్క్‌షాపులో జరిగింది. ద్రోగో కూడా విచిత్రమైన మనిషి. ఇటలీలో పుట్టి బతుకుతెరువుకు దక్షిణ అమెరికాలోని వెనిజులా వెళ్లాడు. మెకానిక్కు పని చేస్తూ పందెపు డ్రైవరయ్యాడు. తిరిగి వచ్చి 1960లో ఇటలీ ఫార్ములా వన్ పందెంలోనూ నడిపాడు. తర్వాత బాడీలు కట్టే వర్క్‌షాపు పెట్టాడు. లారీ ఛాసీ కొని తెచ్చి విజయవాడ ఆటోనగర్‌లో బాడీ కట్టించుకునే పద్ధతి మనకు తెలిసిందే. మోడెనాలో పందెపు కార్లకు అదే పని చేసే చేతులు చాలా ఉండేవి. సుత్తితో అల్యూమినియం రేకును కొట్టి కొట్టి వంపులు తెచ్చేవాళ్లు. కారు మొత్తం మీద జీటీవో కన్నా తేలికగా తయారైంది.

తోక ఎందుకు కోశారు?

అందరి కళ్లూ పడింది మాత్రం వెనక భాగం మీద. మామూలు పందెపు కారు కప్పు డ్రైవరు తల దాటగానే వాలుగా కిందికి దిగిపోతుంది. ఈ బండి కప్పు అలా దిగలేదు. దాదాపు బల్లపరుపుగా చివరిదాకా వెళ్లి, అక్కడ కత్తితో కోసినట్టు నిట్టనిలువుగా ఆగిపోయింది. చూసినవాళ్లు నవ్వారు. ఇంగ్లండు పత్రికలవాళ్లు దీనికి బ్రెడ్ వ్యాన్ అని పేరు పెట్టారు. అంటే రొట్టెల బండి. ఫ్రాన్సువాళ్లు చిన్న వ్యాను అనే అర్థం వచ్చేటట్టు కామియొనెత్ అన్నారు. ఆ పేరే నిలిచిపోయింది.

నవ్వులాటకు చేసింది కాదది. వెనక ఒక లెక్క ఉంది. మట్టి రోడ్డు మీద బస్సు పోతుంటే వెనక దుమ్ము ఎలా లేస్తుందో గమనించండి. దుమ్ము బస్సు వెంటబడి, వెనక అద్దం దగ్గర సుడులు తిరుగుతుంది. బస్సు ముందుకు తోసిన గాలి వెనక చక్కగా కలుసుకోలేక అలా చెదిరిపోతుంది. అక్కడ ఏర్పడే సుడి బండిని వెనక్కి లాగుతుంది. వేగం పెరిగినకొద్దీ ఆ లాగుడు మరీ పెరుగుతుంది. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుంది.

గాలి చెదరకుండా ఉండాలంటే చేప తోకలాగా బండి వెనక భాగం మెల్లమెల్లగా సన్నబడాలి. అలా చేస్తే తోక చాలా పొడవు కావాలి. అంత పొడవు బండి మలుపు తిరగలేదు, బరువూ ఎక్కువ. మధ్యలో తొందరపడి వాలు ఎక్కువ చేస్తే గాలి కప్పును వదిలేసి చెదిరిపోతుంది. జర్మనీలో వూనిబాల్డ్ కామ్ అనే ఆచార్యుడు, ఆయనతోపాటు మరికొందరు 1930లలో దీని మీద పరీక్షలు చేశారు. పొడవాటి తోకను కొంతదూరం పోనిచ్చి అక్కడ నిలువుగా కోసేసినా పెద్ద నష్టం లేదని తేల్చారు. లేని తోకను ఉన్నట్టే అనుకుని గాలి సాగిపోతుంది. జీటీవో తోకను కూడా ఈ సూత్రం ప్రకారమే కోశారు. బిజ్జరీని రొట్టెల బండిలో దాన్ని చివరంటా తీసుకుపోయాడు.

ఈ రోజు మన రోడ్ల మీద తిరిగే ఎన్నో చిన్న కార్ల వెనక భాగం నిలువుగా కోసినట్టు ఉంటుంది. ఆ రోజుల్లో పందెపు కారుకు అది వింత.

లెమాన్స్‌లో నాలుగు గంటలు

లెమాన్స్ పందెం 24 గంటలు. సాయంత్రం నాలుగింటికి మొదలై మర్నాడు సాయంత్రం నాలుగింటికి ముగుస్తుంది. ఒక్కో కారుకు ఇద్దరు డ్రైవర్లు వంతులు వేసుకుని నడిపేవారు. అప్పట్లో చుట్టు పొడవు 13 కిలోమీటర్ల 461 మీటర్లు. అందులో ఒక్క ముక్కే ఆరు కిలోమీటర్ల దాకా తిన్నగా ఉండేది. అక్కడ గాలిని బాగా చీల్చే బండిదే పైచేయి. బండ్లు ఒక పక్కన వరసగా నిలిపి, డ్రైవర్లు రోడ్డుకు అవతలి పక్కన నిలబడేవారు. జెండా ఊపగానే పరుగెత్తుకొచ్చి ఎక్కి కూచుని బయలుదేరాలి.

1962 జూన్ 23. రొట్టెల బండి డ్రైవర్లు ఇటలీకి చెందిన కార్లో అబాతె, ఇంగ్లండుకు చెందిన కోలిన్ డేవిస్. డేవిస్ తండ్రి 1927లో ఇదే లెమాన్స్‌లో బెంట్లీ కారుతో గెలిచినవాడు.

పందెం మొదలైంది. నవ్విన నోళ్లు మూతపడ్డాయి. ఫెరారీ ఫ్యాక్టరీ నుంచి సరికొత్తగా వచ్చిన జీటీవోలను వెనక్కి నెట్టి రొట్టెల బండి ముందుకు పోయింది. మొత్తం కార్లన్నిటిలో ఏడో స్థానంలో పరుగెత్తింది. దాని ముందున్నవి చాలావరకు ఇంకా పెద్ద ఇంజన్ల బండ్లు, పందేలకే పుట్టిన ప్రత్యేకమైన బండ్లు. అమ్మనన్న కారు కన్నా, దాన్ని దక్కనివ్వక మార్చి చేసిన పాత కారు ముందుంది.

నాలుగో గంటలో ఆగిపోయింది.

ఈ కార్లలో ఇంజను ముందు ఉంటుంది. నడిపే చక్రాలు వెనక ఉంటాయి. ఇంజను తిప్పుడును వెనక చక్రాలకు అందించడానికి బండి అడుగున షాఫ్టు ఉంటుంది. లారీల్లోనూ అదే ఏర్పాటు. రొట్టెల బండిలో ఆ షాఫ్టు విరిగింది. ఇంజను బాగానే ఉంది. డ్రైవర్లు బాగానే ఉన్నారు. బిజ్జరీని వేసిన గాలి లెక్క బాగానే ఉంది. కాని విరిగిన షాఫ్టుతో చక్రం తిరగదు. బండి పందెం నుంచి తప్పుకుంది.

మర్నాడు సాయంత్రం గెలిచింది ఫెరారీ ఫ్యాక్టరీ సొంత కారే. నాలుగు లీటర్ల ఇంజనున్న ఆ కారును నడిపినవాళ్లు అమెరికా డ్రైవరు ఫిల్ హిల్, బెల్జియం డ్రైవరు జాందబియాఁ. రొట్టెల బండి తన పాత రూపంలో ఉన్నప్పుడు దాన్ని నడిపి రెండో స్థానం తెచ్చిన జాందబియాఁ ఇతనే. రెండో స్థానం, మూడో స్థానం రెండూ జీటీవోలకు దక్కాయి. పందెం పుస్తకంలో ఎంజోదే గెలుపు. 24 గంటలు నిలబడిన బండికి బహుమతి రావడం న్యాయమే. నాలుగు గంటలు ఎంత జోరుగా పోయినా పందెం 24 గంటలదే కదా.

మిగతా ఏడాది

వోల్పి బండిని షెడ్డులో పడెయ్యలేదు. బాగుచేయించి మళ్లీ బరిలోకి దించాడు. ఆగస్టులో ఇంగ్లండులోని బ్రాండ్స్ హాచ్ పందెంలో అబాతె దాన్ని నడిపి మొత్తం మీద నాలుగో స్థానం, జీటీ తరగతిలో మొదటి స్థానం తెచ్చాడు. అదే నెలలో స్విట్జర్లాండులోని ఒల్లోఁ-విల్లార్ కొండ ఎక్కే పందెంలోనూ తన తరగతిలో గెలిచాడు. అక్టోబరులో పారిస్ దగ్గర మోంలెరీలో 1,000 కిలోమీటర్ల పందెం జరిగింది. స్కార్ఫియోత్తి, డేవిస్ వంతులు వేసుకుని నడిపి మూడో స్థానంలో నిలిచారు. ముందున్న రెండూ జీటీవోలే.

అంటే ఈ బండి గాలివాటున నాలుగు గంటలు మెరిసింది కాదు. జీటీవోలకు తీసిపోని బండి అని ఏడాది తిరిగేలోగా మూడు దేశాల్లో రుజువు చేసుకుంది.

మనుషులు ఏమయ్యారు?

వెళ్లగొట్టబడినవాళ్లు పెట్టిన ఏటీఎస్ కంపెనీ నిలదొక్కుకోలేదు. 1963లో ఫార్ములా వన్ పందేలకు కార్లు పంపారు. ఒక్క పాయింటైనా రాలేదు. పెట్టుబడి పెట్టినవాళ్లలో వోల్పి ముందే తప్పుకున్నాడు. కొన్నాళ్లకు కంపెనీ మూతపడింది. పనితనం ఉన్నంత మాత్రాన కంపెనీ నడవదన్నది దీని పాఠం. డబ్బు, ఓపిక, ఒకరి మాట ఒకరు వినడం కూడా కావాలి.

బిజ్జరీని తన దారి తాను చూసుకున్నాడు. ఆ ప్రాంతంలోనే ట్రాక్టర్లు తయారుచేసి డబ్బు గడించిన ఫెరూచో లాంబోర్గినీ ఉన్నాడు. ద్రాక్షతోటలు సాగుచేసే రైతు కుటుంబంలో పుట్టాడు. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక సైన్యం వదిలేసిన యంత్రాల సామాను కొని వాటితో ట్రాక్టర్లు కట్టడం మొదలుపెట్టాడు. తన ఫెరారీ కారులో క్లచ్ బాగాలేదని చెప్పబోతే ఎంజో ఎగతాళిగా మాట్లాడాడని, ఆ పౌరుషంతోనే కార్ల కంపెనీ పెట్టానని ఆయన చెప్పుకునేవాడు. ఆ రైతుబిడ్డకు 12 సిలిండర్ల ఇంజను తయారుచేసి ఇచ్చింది బిజ్జరీనియే. 1963లో మొదలైన ఆ ఇంజను మార్పులు చేర్పులతో 2010 దాకా లాంబోర్గినీ కార్లలో వాడుకలో ఉంది. ఒక మనిషి వేసిన పునాది మీద 47 ఏళ్లు కార్లు నడిచాయంటే అది సామాన్యం కాదు.

బిజ్జరీని తర్వాత తన పేరుతో కార్ల కంపెనీ పెట్టాడు. 1969లో అదీ మూతపడింది. లెక్కల పుస్తకం అతనికి ఎప్పుడూ కలిసిరాలేదు. 2023 మే నెలలో 96వ ఏట కన్నుమూశాడు. రేకుపని చేయించిన ద్రోగో అంతకు ఎంతో ముందు 1973లో రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. ఎంజో ఫెరారీ 1988లో తన 90వ ఏట పోయాడు. చివరిదాకా పందెపు జట్టు పగ్గాలు వదల్లేదు.

బండి మాత్రం ఉంది

తగవు పడ్డవాళ్లలో చాలామంది పోయారు. బండి మిగిలింది. చేతులు మారింది, దేశాలు తిరిగింది. ఇప్పుడు దాన్ని పురాతన కార్ల పందేల్లో నడుపుతున్నారు. ఇంగ్లండులోని గుడ్‌వుడ్‌లో అలాంటి పందేలు ఏటా జరుగుతాయి. అక్కడ రొట్టెల బండి బరిలోకి దిగితే, కోట్ల డాలర్ల జీటీవోలను వదిలి జనం దీని చుట్టూ మూగుతారు. ఆనాడు నవ్విన తోకనే ఈనాడు ఫొటోలు తీసుకుంటున్నారు. 2021లో నెదర్లాండ్స్‌కు చెందిన ఒక డిజైను సంస్థ వేరే ఫెరారీ కారును తీసుకుని, బాడీ మార్చి, ఇదే పోలికలో మరో ఒంటి కారును తయారుచేసింది. దానికి కూడా రొట్టెల బండి పేరే పెట్టారు.

ఈ కథలో ఎవరు గెలిచారని అడిగితే, లెమాన్స్ పుస్తకం ఎంజో పేరు చెబుతుంది. ఆయన కాదన్నా లోకంలో ఒక మంచి ఫెరారీ పుట్టిందన్నది ఆ పుస్తకంలో కనబడదు. ఫ్యాక్టరీ, మిషన్లు, పేరు, గేటు తాళం అన్నీ యజమానివే. రేకును ఏ వంపున కొట్టాలో తెలిసిన చెయ్యి, గాలి ఎక్కడ చెదురుతుందో తెలిసిన బుర్ర మాత్రం పనివాడి వెంటే పోతాయి. వాటిని గేటు దగ్గర దించి పొమ్మనడం ఎవరి తరమూ కాదు.

అయితే ఒక షాఫ్టు విరిగితే అంత తెలివీ రోడ్డు పక్కన ఆగిపోతుందన్నదీ నిజమే. పట్టుదలతో పని మొదలుపెట్టేవాళ్లు రెండు సంగతులూ గుర్తుంచుకోవాలి. పెద్ద ఆలోచనతోపాటు చివరి బోల్టును కూడా బిగించి చూసుకున్నవాడిదే 24 గంటల పందెం.